రూట్ కెనాల్ సీలర్లు: ఏది ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది

రూట్ కెనాల్ చేసిన పంటిని ఎక్స్‌రేలో చూస్తే వేరు పొడుగునా తెల్లటి గీత కనిపిస్తుంది. అందులో సింహభాగం గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థం. అయితే కెనాల్‌ను, అంటే వేరు లోపలి సన్నటి కాలువను, నిజంగా మూసేది గట్టాపర్చాకూ పంటి గోడకూ నడుమ పలచగా పరుచుకున్న సీలర్. ఫిల్మ్ మీద రెండూ కలిసిపోయి ఒకే గీతగా పడతాయి కాబట్టి, గీత ఎంత అందంగా ఉన్నా దాన్ని చూసి సీలర్ పని ఎలా ఉందో తేల్చడం కష్టం.

సీలర్లలో ఏది మంచిదని అడిగితే వచ్చే జవాబులు చాలావరకు తయారీదారుల కరపత్రాల్లోంచే వస్తాయి. అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ కెనాల్‌లో, ఇంత తేమలో, ఈ పద్ధతిలో నింపుతున్నప్పుడు ఏ సీలర్ ఎక్కడ దెబ్బతింటుంది? ప్రతి సీలర్‌లోనూ ఒక లోపం ఉంది. చాలాసార్లు ఆ లోపం దాని గొప్పతనంలోంచే పుడుతుంది.

గట్టాపర్చా చేయలేని పని

గట్టాపర్చా పలాక్వియం జాతి చెట్ల పాలనుంచి వచ్చే పదార్థం, రసాయనికంగా రబ్బరుకు దగ్గరి చుట్టం. కానీ మనం కెనాల్‌లో పెట్టే కోన్‌లో (మొనదేలిన పుల్లలో) అసలు గట్టాపర్చా ఐదో వంతు మాత్రమే. 60 నుంచి 75 శాతం దాకా జింక్ ఆక్సైడే ఉంటుంది. మిగతాది మైనం, ఎక్స్‌రేలో కనిపించడానికి కలిపే బేరియం సల్ఫేట్ లాంటివి. శరీరం దీన్ని తిప్పికొట్టదు. వేడికి మెత్తబడుతుంది, ద్రావకంలో కరుగుతుంది, కాబట్టి అవసరమైతే బయటికి తీయవచ్చు. నూటయాభై ఏళ్లు దాటినా దీని స్థానం చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

కానీ ఇది డెంటిన్‌కు, అంటే పంటి లోపలి గట్టి పొరకు, అంటుకోదు. వేడిచేసి నింపితే చల్లారేటప్పుడు 1 నుంచి 2 శాతం ముడుచుకుంటుంది. పైగా కెనాల్ గుండ్రటి గొట్టం కాదు. పక్కలకు రెక్కల్లా సాగి ఉంటుంది, రెండు కెనాల్స్ మధ్య సన్నటి సందు ఉంటుంది, చివరి 3 మిల్లీమీటర్లలో చిన్న చిన్న పాయలుగా చీలుతుంది. కోన్ వీటిలోకి వెళ్లలేదు, సీలర్ వెళ్లాలి.

ఇంతగా ఎందుకు మూయాలి? 1965లో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని తేల్చింది. ఎలుకల పళ్లలో పల్ప్ (పంటి లోపలి మెత్తటి కణజాలం) బయటపడేలా రంధ్రం చేసి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ చచ్చి, వేరు కొన దగ్గర చీము పట్టింది. సూక్ష్మక్రిములు లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం గాయం దానంతటదే మానింది. అంటే జబ్బుకు మూలం బ్యాక్టీరియా. ఫైళ్లతో (గోడలు గీకే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో) ఎంత రుద్దినా, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్‌తో ఎంత కడిగినా కెనాల్‌లో కొన్ని క్రిములు మిగిలే ఉంటాయి. కాబట్టి పూడికకు మూడు పనులు పడతాయి: పైనుంచి లాలాజలం దిగకుండా ఆపడం, కింద వేరు కొన నుంచి కణజాల ద్రవం ఊరి మిగిలిన క్రిములకు మేత కాకుండా చూడడం, ఆ క్రిములను ఉన్నచోటే బంధించడం.

ఒకదానికొకటి ఎదురు తిరిగే కోరికలు

సీలర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6876 కొన్ని గీతలు గీసింది. కలిపిన సీలర్‌ను 0.05 మిల్లీలీటర్ గాజు పలకల మధ్య పెట్టి బరువు వేస్తే కనీసం 17 మిల్లీమీటర్ల వ్యాసం దాకా పరుచుకోవాలి. పొర మందం 50 మైక్రాన్లు మించకూడదు. నీటిలో ఉంచితే బరువులో 3 శాతం కన్నా ఎక్కువ కరగకూడదు. ఎక్స్‌రేలో కనీసం 3 మిల్లీమీటర్ల అల్యూమినియం అంత తెల్లగా కనిపించాలి.

చదవడానికి ఇవి సజావుగానే ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే ఒకదానితో ఒకటి పేచీ పెడతాయి. సన్నటి పాయల్లోకి పారాలంటే సీలర్ పలచగా ఉండాలి, అలా ఉంటే వేరు కొన దాటి ఎముకలోకి కూడా పారుతుంది. క్రిములను చంపాలంటే ఏదో ఒకటి బయటికి వదలాలి. వదలాలంటే కరగాలి, కరిగితే ఖాళీ మిగులుతుంది. గోడకు గట్టిగా అంటుకుంటే లీకేజీ తగ్గుతుంది, రేపు మళ్లీ తీయాల్సివస్తే అదే గోడలా అడ్డుపడుతుంది. పని చేసుకోవడానికి తీరిక కావాలంటే నెమ్మదిగా గట్టిపడాలి, ఆ గంటల్లో తేమ దాన్ని పాడుచేయవచ్చు. ఏ సీలర్ కుటుంబం ఈ పేచీల్లో దేన్ని వదులుకుని దేన్ని దక్కించుకుందో చూస్తే మిగతాదంతా విడిపోతుంది.

జింక్ ఆక్సైడ్ యూజినాల్

పాతదే అయినా తీసిపారేయాల్సింది కాదు. 1958 నాటి గ్రాస్‌మన్ ఫార్ములాలో పొడి పాళ్లు ఇవి: జింక్ ఆక్సైడ్ 42, స్టేబెలైట్ రెజిన్ 27, బిస్మత్ సబ్‌కార్బొనేట్ 15, బేరియం సల్ఫేట్ 15, సోడియం బోరేట్ 1. ద్రవం యూజినాల్, అంటే లవంగ నూనెలో ఉండే ముఖ్య పదార్థం. జింక్, యూజినాల్ కలిసి జింక్ యూజినొలేట్‌గా మారడమే గట్టిపడడం. ఈ చర్య మొదలవడానికి కాస్త నీరు కావాలి. అందుకే గాలిలో తేమ, వేడి ఎక్కువ ఉన్న రోజున గాజు పలక మీదే ముద్ద బిగుసుకోవడం మొదలుపెడుతుంది. పలక చల్లగా, పొడిగా ఉండాలనేది ఉత్తి చాదస్తం కాదు.

కలపడంలో తొందర పనికిరాదు. పొడిని కొంచెం కొంచెంగా ద్రవంలోకి లాగుతూ, స్పాచులాతో నొక్కి రాస్తూ కలపాలి. స్పాచులాను పైకి ఎత్తితే ముద్ద తెగకుండా సుమారు 2.5 సెంటీమీటర్ల దాకా తీగలా సాగాలి. స్పాచులా అంచున పట్టుకుంటే 10 నుంచి 15 సెకన్ల దాకా జారిపడకూడదు. అంతకన్నా పలచగా ఉందంటే అందులో జింక్‌తో కలవని యూజినాల్ మిగిలి ఉన్నట్టే. అది కణజాలాన్ని మండిస్తుంది, సీలర్ ఎక్కువగా కరగడానికీ దారితీస్తుంది.

బలహీనత దాని రసాయనంలోనే ఉంది. నీరు తగిలితే జింక్ యూజినొలేట్ మెల్లగా విడిపోయి మళ్లీ యూజినాల్‌ను వదులుతుంది. క్రిములను అణచేదీ, పొర కరిగిపోయేలా చేసేదీ ఈ గుణమే. ఇంకో చిక్కు, రెజిన్లు (ప్లాస్టిక్ లాంటి జిగురులు) గట్టిపడకుండా యూజినాల్ అడ్డుకుంటుంది. ఆ పంటిలో ఫైబర్ పోస్ట్‌ను, అంటే ఊతంగా వేరులో నిలిపే కడ్డీని, రెజిన్ సిమెంట్‌తో అతికించే ఆలోచన ఉంటే మొదటే వేరే సీలర్ తీసుకోవడం మేలు. పై దవడ వెనక పళ్లలో మరో జాగ్రత్త కూడా ఉంది. జింక్ ఆక్సైడ్ ఉన్న సీలర్ సైనస్‌లోకి జారితే అక్కడ ఆస్పర్‌జిల్లస్ బూజు ముద్దకట్టిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

ఇవన్నీ ఉన్నా ద్రావకంతో సులువుగా తీయడానికి దీన్ని మించింది లేదు. వేడి గట్టాపర్చా పద్ధతితోనూ దశాబ్దాలుగా కలిసి నడిచింది.

ఈ కుటుంబానికి చెడ్డపేరు తెచ్చిన శాఖ ఒకటుంది. క్రిములను చంపుతుందని పారాఫార్మాల్డిహైడ్ కలిపిన పేస్టులు, వాటిలో ఎన్‌2 బాగా తెలిసినది. ఫార్మాల్డిహైడ్ క్రిమికీ కణానికీ తేడా చూడదు. వేరు కొన దాటితే ఎముకను, నరాన్ని కాల్చేస్తుంది. కింది పెదవికి శాశ్వతంగా తిమ్మిరి మిగిల్చిన కేసులు ఉన్నాయి. ఈ పేస్టులు వాడటానికి ఇప్పుడు ఏ సమర్థనా లేదు.

త్వరగా దాటేయదగ్గ మూడు

కాల్షియం హైడ్రాక్సైడ్ సీలర్లు, అంటే సీలాపెక్స్, ఎపెక్సిట్ లాంటివి, గొప్ప ఆశతో వచ్చాయి. కెనాల్‌లో మందుగా పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ గుణాలు పూడికలోనూ దొరుకుతాయనుకున్నారు. కానీ అయాన్లు వదలాలంటే కరగాలి, కరిగితే మూత చెడుతుంది. గట్టిపడ్డాక వదిలేది తక్కువే.

గ్లాస్ అయానమర్ డెంటిన్‌కు రసాయనికంగా అంటుకుంటుంది. అయితే కెటాక్-ఎండో లాంటివాటితో పని చేసుకునే వ్యవధి తక్కువ, గట్టిపడ్డాక కరిగించే ద్రావకం లేదు. అందుకే వెనకబడింది.

సిలికోన్ సీలర్లు, రోకోసీల్, గట్టాఫ్లో, వీటికన్నా మెరుగు. దాదాపు కరగవు, గట్టిపడేటప్పుడు 0.2 శాతం దాకా వ్యాకోచిస్తాయి, కణజాలాన్ని రెచ్చగొట్టవు. కానీ క్రిములపై ప్రభావం లేదు, గోడకు నిజమైన అతుకూ లేదు. కెనాల్‌లో హైపోక్లోరైట్ మిగిలిపోతే గట్టిపడే సమయం మారిపోతుంది. చివరి కడుగు నీటితోనో ఆల్కహాల్‌తోనో అయితే ఆ బెడద ఉండదు.

ఎపాక్సీ రెజిన్: అందరినీ కొలిచే కొలబద్ద

కొత్త సీలర్ ఏది వచ్చినా పరిశోధకులు దాన్ని ఏహెచ్ ప్లస్ అనే ఎపాక్సీ సీలర్ పక్కన పెట్టి చూస్తారు. దాని పూర్వీకుడు ఏహెచ్ 26. గట్టిపడేటప్పుడు కొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదిలేది, వెండి కలిపిన రకం పంటిని నల్లబరిచేది, శరీర వేడిలో గట్టిపడడానికి ఒక రోజు, అంతకు మించి పట్టేది. ఏహెచ్ ప్లస్‌లో అమైన్‌ను (గట్టిపరిచే భాగాన్ని) మార్చి ఫార్మాల్డిహైడ్ సమస్యను దాదాపు తీర్చారు, వెండి తీసేశారు.

ఇది రెండు పేస్టులుగా వస్తుంది. ఒకదానిలో ఎపాక్సైడ్, రెండోదానిలో అమైన్. సమాన పాళ్లలో కలపాలి. గది వేడిలో సుమారు 4 గంటల పని వ్యవధి, 37 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటల్లో గట్టిపడుతుంది. పొర మందం 26 మైక్రాన్ల చుట్టూ, కరిగే గుణం అర శాతం కన్నా తక్కువ. డెంటిన్‌లోని కొల్లాజెన్ అమైన్ సమూహాలతో ఎపాక్సైడ్ వలయాలు తెరుచుకుని బంధం కడతాయని వివరిస్తారు. అతుకు బలం పరీక్షల్లో ఇది పైవరసలో నిలబడడానికి కారణం అదే.

ఇక దెబ్బతినే చోట్లు. ఇది నీటిని ఇష్టపడదు. కెనాల్ తడిగా ఉంటే గోడకు పట్టకుండా జారుతుంది. చివరి కడుగు హైపోక్లోరైట్ అయితే దాన్నుంచి మిగిలిన ఆక్సిజన్, దెబ్బతిన్న కొల్లాజెన్ కలిసి రెజిన్ అతుకును బలహీనపరుస్తాయి. అందుకే 17 శాతం ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి తీసే ద్రవం) ఒక నిమిషం, తరువాత శుభ్రమైన నీరు, ఆపై తడి పీల్చే కాగితపు పుల్లలు, అంటే పేపర్ పాయింట్లు. క్లోర్‌హెక్సిడిన్ అనే మరో క్రిమినాశని వాడాలనుకుంటే హైపోక్లోరైట్‌తో నేరుగా కలవనీయకూడదు. గోధుమరంగు ముద్ద తేలి డెంటిన్ సన్నటి గొట్టాలను మూసేస్తుంది. మధ్యలో నీటి కడుగు తప్పదు.

ట్యూబు విషయంలో ఎవరూ చెప్పని చిన్న జాగ్రత్త ఒకటి. నిలవ ఉన్న పేస్టులో బరువైన గింజలు అడుగుకు చేరి, జిడ్డు పైకి తేలుతుంది. మొదట వచ్చే పలచటి బొట్టునే వాడితే పాళ్లు తప్పుతాయి. కాస్త పిండి పారేసి, రంగు ఒకేలా వచ్చాక తీసుకోవాలి. రెండు పేస్టులు కలిపాక ఒక్క చారికా లేకుండా రంగు ఏకమవ్వాలి. చారిక మిగిలిందంటే కలవని అమైన్ ఉన్నట్టే.

వేరు కొన దాటిన ఏహెచ్ ప్లస్ ముద్ద ఎక్స్‌రేలో ఏళ్ల తరబడి కనిపిస్తుంది. చిన్న ముద్ద ఎక్కువసార్లు హాని చేయదు, చుట్టూ ఎముక మానుతుంది. రోగికి మాత్రం ఇది ముందే చెప్పాలి. మరో డాక్టరు అదే ఫిల్మ్ చూసి తప్పు జరిగిందని అనుకునే అవకాశం ఉంది.

ఒకే ముక్కలా అతుకుతుందన్న కల

2004లో మీథాక్రిలేట్ రెజిన్ల తరం పెద్ద ఆర్భాటంతో వచ్చింది. గట్టాపర్చాకు బదులు రెజిలాన్ అనే పాలీక్యాప్రొలాక్టోన్ కోన్, దానికి తోడు ఎపిఫనీ లాంటి సీలర్. కోన్, సీలర్, డెంటిన్ అన్నీ అతుక్కుని ఒకే ముక్క అవుతాయి, లీకేజీ మాటే ఉండదు, వేరు బలపడుతుంది అన్నారు.

కెనాల్ ఆకారం దీనికి సహకరించలేదు. రెజిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. బయటి ఫిల్లింగ్‌లో కొంత పక్క తెరిచి ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి సడలుతుంది. పొడవాటి సన్నటి కెనాల్‌లో దాదాపు నాలుగు పక్కలా గోడలే. అతికిన ఉపరితలానికీ తెరిచి ఉన్న ఉపరితలానికీ నిష్పత్తి మామూలు ఫిల్లింగ్‌లో 1 నుంచి 5 లోపు ఉంటే కెనాల్‌లో వందల్లో, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. ముడుచుకునే రెజిన్ ఎక్కడో ఒకచోట గోడను వదిలేస్తుంది. దానికి తోడు పాలీక్యాప్రొలాక్టోన్‌ను ఎంజైములు, బ్యాక్టీరియా తినగలవని తేలింది. కొన్నేళ్లు గడిచాక చూసిన కేసుల్లో గట్టాపర్చాకన్నా వైఫల్యాలు ఎక్కువగా కనిపించాయి. మార్కెట్ నుంచి అది తప్పుకుంది.

ఈ కథలో పాఠం రసాయన శాస్త్రం గురించి కాదు, పరీక్షల గురించి. ల్యాబులో రంగు నీళ్లు ఎంత దూరం పాకాయో కొలిచే లీకేజీ పరీక్షల్లో రెజిలాన్ తొలినాళ్లలో గెలిచింది. నోటిలో గెలవలేదు.

కాల్షియం సిలికేట్: తేమను మిత్రుడిగా చేసుకున్నది

1990ల మొదట్లో లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం ఎంటీఏను (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్) పరిచయం చేసింది. అది పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు మెరుగుపరిచిన రూపం, పంటి గోడకు రంధ్రం పడిన చోట్లను, వేరు కొనను మూయడానికి. తరువాతి దశాబ్దాల్లో అదే రసాయనాన్ని సీలర్‌గా పలచబరిచారు. ఎండోసీక్వెన్స్ బీసీ, ఐరూట్ ఎస్పీ, బయోరూట్ ఆర్‌సీఎస్ ఈ కోవలోవి. వీటికి బయోసెరామిక్ అనే పేరు స్థిరపడింది. అది కాస్త అతిశయోక్తి. జిర్కోనియా కూడా బయోసెరామిక్కే. నీటితో గట్టిపడే కాల్షియం సిలికేట్ అనడమే సరైన వర్ణన.

పని తీరు ఇది. ట్రైకాల్షియం సిలికేట్ గింజలకు నీరు తగిలితే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ జిగురు, కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతాయి. పీహెచ్ 11, 12 దాకా పెరుగుతుంది, ఆ క్షారంలో చాలా బ్యాక్టీరియా బతకదు. చుట్టూ ఉన్న ద్రవంలోని ఫాస్ఫేట్‌తో కలిసి కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుతాయి, అది ఎముక ఖనిజానికి దగ్గరిది. ముందే కలిపి సిరంజిలో వచ్చే రకంలో నీరు ఉండదు. డెంటిన్ సన్నటి గొట్టాల్లోని తేమనే తాగి గట్టిపడాలి. బయోరూట్ మాత్రం పొడి, ద్రవంగా వచ్చి చేత్తో కలిపేది. దాని పని వ్యవధి 10 నిమిషాలకు పైగా ఉంటుంది, సుమారు 4 గంటల్లో గట్టిపడుతుంది.

పాత నేర్పు తలకిందులయ్యేది ఇక్కడే. రెజిన్‌కు అలవాటు పడ్డ చేయి పేపర్ పాయింట్ మీద చుక్క తడి లేకుండా ఆరబెడుతుంది, ఆపై గాలి ఊదుతుంది, ఆల్కహాల్ పోస్తుంది. సిరంజి రకం కాల్షియం సిలికేట్‌కు అది ఆకలి మాడ్చడం లాంటిది. పూర్తిగా ఎండిన కెనాల్‌లో గట్టిపడడానికి చాలా గంటలు ఎక్కువ పడుతుంది. నీటి చెమ్మ ఉండాలి, నీరు నిలవకూడదు. మాస్టర్ కోన్ (కెనాల్‌కు సరిపడే ప్రధాన కోన్) సైజు పేపర్ పాయింట్ ఒకటో రెండో పెట్టి, చివర కొంచెం తడి కనిపించగానే ఆపేయడం ఆచరణలో పనికొచ్చే కొలత. చివరి కడుగు ఈడీటీఏ కాకూడదు. అది కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనం, మిగిలిపోతే సీలర్ గట్టిపడడానికే అడ్డు. ఈడీటీఏ తరువాత సెలైన్ లేదా నీరు తప్పదు.

వేడి విషయంలో రెండు కుటుంబాలకూ వేర్వేరు బాధలు. గట్టాపర్చాను వేడిచేసి నొక్కే ప్లగర్ యంత్రం మీద 200 డిగ్రీలు చూపించినా కెనాల్ లోపలికి చేరే వేడి అందులో కొంతే, అదీ కొన్ని సెకన్లే. అయినా వేడికి ఏహెచ్ ప్లస్‌లోని అమైన్ సమూహాలు కొంత దెబ్బతిని అది తొందరగా గట్టిపడుతుంది. కాల్షియం సిలికేట్‌లో నీరు ఆవిరవుతుంది, ముఖ్యంగా నీటితో కలిపే రకంలో. అందుకే వీటిని మొదట వేడి లేని ఒకే కోన్ పద్ధతికి ఉద్దేశించారు, వేడి తట్టుకునే రకాలు తరువాత వచ్చాయి. ఎపాక్సీతో వేడి పద్ధతి వాడేవాళ్లు పెద్దగా దిగులుపడక్కర్లేదు, ప్లగర్‌ను 3 సెకన్లకన్నా ఎక్కువ ఉంచకపోతే చాలు.

దీనికీ అప్పుల చిట్టా ఉంది. ఐఎస్ఓ పద్ధతిలో నీటిలో ముంచి చూస్తే కొన్ని కాల్షియం సిలికేట్ సీలర్లు 3 శాతం గీత దాటాయి. దీని సమర్థకులు ఆ పరీక్ష ఈ రసాయనానికి తగదంటారు, స్వచ్ఛమైన నీటిలో కాల్షియం వదలడాన్నే కరగడంగా లెక్కిస్తోందని. వాదనలో బలం ఉంది. కానీ ఒకే కోన్ పెట్టి మిగిలిన చోటంతా సీలర్‌తో నింపినప్పుడు, ముఖ్యంగా అండాకారపు వెడల్పు కెనాల్‌లో, పలచటి పొర బదులు మందపాటి దిమ్మే మిగులుతుంది. అక్కడ కొద్దిపాటి కరుగుడూ లెక్కలోకి వస్తుంది. అలాంటి కెనాల్‌లో ఒకటి రెండు అదనపు కోన్లు పక్కన పెట్టడానికి బద్ధకించకూడదు.

పేరు చూసి మోసపోయే సందర్భం ఒకటి చెప్పాలి. ఎంటీఏ ఫిల్లాపెక్స్ పేరులో ఎంటీఏ ఉన్నా, అది ప్రధానంగా సాలిసిలేట్ రెజిన్. ఎంటీఏ అందులో చిన్న పాలు మాత్రమే. కాల్షియం సిలికేట్ గుణాలన్నీ దానికి అంటగట్టకూడదు. అలాగే బిస్మత్ ఆక్సైడ్ ఉన్న ఏ సిమెంట్ అయినా హైపోక్లోరైట్ తగిలితే ముదురు గోధుమ, నలుపు రంగుకు తిరుగుతుంది. ముందు పళ్లకు జిర్కోనియం లేదా టాంటలమ్ ఆక్సైడ్ ఉన్నది చూసుకోవాలి.

నింపే వేళ ఎక్కడ చెడుతుంది

మాస్టర్ కోన్ పని పొడవుకు (పూడిక ఆగాల్సిన చోటుకు) చేరి, వెనక్కి లాగితే కొంచెం పట్టు ఇవ్వాలి. సీలర్ పెట్టకముందే ఒక ఎక్స్‌రే. పొడవు తప్పితే ఇప్పుడే దిద్దుకోవచ్చు. 1990లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనంలో, వేరు కొన దగ్గర జబ్బు ఉన్న పళ్లలో పూడిక కొనకు 2 మిల్లీమీటర్ల లోపు ఆగినప్పుడు 94 శాతం మానాయి. కొన దాటినప్పుడు 76, మరీ ముందే ఆగినప్పుడు 68. సీలర్ల మధ్య తేడాలు ఇంత పెద్దగా ఉండటం అరుదు.

సిరంజి కొనను కెనాల్ పైభాగంలోనే ఉంచి, మూడో వంతుకు మించి దించకుండా, సిరంజి మీది గుర్తుల్లో ఒకటి రెండు కదిలేంత మాత్రమే వదలాలి. కోన్‌కు కొంచెం పూసి, నెమ్మదిగా దించి, కొంచెం పైకి లాగి మళ్లీ దించాలి. ఒక్కసారిగా తోస్తే కోన్ పిస్టన్ అవుతుంది, ముందున్న సీలర్ అంతా వేరు కొన దాటుతుంది. సీలర్ ఎక్కువ వేస్తే బాగా మూసుకుంటుందనేది భ్రమ. గాలి బుడగలు చిక్కుకోవడానికీ, బయటికి పొర్లడానికీ అదే కారణం.

కెనాల్‌లో మందుగా పెట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్ మిగిలి ఉంటే ఏ సీలరూ గోడను చేరదు. ఉత్త సిరంజి కడుగుతో అది పోదు. ద్రవాన్ని అల్ట్రాసోనిక్‌తో కదిలించి కడగాలి. ముందే కలిపిన సీలర్ సిరంజి మూత వదులుగా ఉంటే గాలిలోని తేమకే లోపల గట్టిపడుతుంది. వాడిన మొనను వెంటనే పారేసి మూత బిగించాలి.

కింది దవడ వెనక పళ్లలో సీలర్ నరం కాలువలోకి పోయే ముప్పు వేరే స్థాయిది. మత్తు వదిలినా పెదవి తిమ్మిరి పోలేదంటే మర్నాటికి చూద్దామనడం తప్పు. వెంటనే సీబీసీటీ (త్రిమితీయ ఎక్స్‌రే స్కాన్) తీసి, ముద్ద నరాన్ని నొక్కుతోందేమో చూసి, నోటి శస్త్రచికిత్స నిపుణుడికి అప్పగించాలి. తొలి 24 నుంచి 48 గంటల్లో తీసినప్పుడు తేరుకునే అవకాశం ఎక్కువ. కాల్షియం సిలికేట్ సురక్షితం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. గట్టిపడని స్థితిలో పీహెచ్ 12 దగ్గరున్న ఏ ముద్దయినా నరాన్ని కాలుస్తుంది, రసాయనం నొప్పించకపోయినా ఒత్తిడి నొప్పిస్తుంది.

మరైతే ఏది తీసుకోవాలి

క్లినికల్ ట్రయల్స్‌లో ఎపాక్సీకీ కాల్షియం సిలికేట్‌కూ మానే శాతంలో పెద్ద తేడా తేలలేదు. చికిత్స తరువాతి నొప్పిలోనూ తేడా ఉన్నా స్వల్పమే. కాబట్టి ఎంపిక పంటిని బట్టి, చేతిలో ఉన్న పద్ధతిని బట్టి జరగాలి.

బాగా ఆరే, వేడి పద్ధతిలో నింపే కెనాల్‌కు ఎపాక్సీ నమ్మదగ్గది. వేరు కొన పెద్దగా తెరిచి ఉన్నా, ఎంత తుడిచినా చెమ్మ ఊరుతున్నా కాల్షియం సిలికేట్ నయం. చీము, రక్తం ఊరుతున్న కెనాల్‌ను మాత్రం ఏ సీలర్‌తోనూ ఆ రోజు నింపకూడదు. రెజిన్‌తో పోస్ట్ అతికించాలంటే యూజినాల్ వద్దు. వంకర వేరులో, మళ్లీ తెరవాల్సివచ్చే అనుమానం ఉన్నచోట, కాల్షియం సిలికేట్ ముందు ఒకసారి ఆలోచించాలి. గట్టిపడ్డాక దానికి ద్రావకం లేదు. మధ్యలో గట్టాపర్చా ఉన్నంత మేర ఫైలు దారి చేసుకుంటుంది. కోన్ పొడవు తక్కువపడి చివరి 2, 3 మిల్లీమీటర్లలో సీలర్ ఒక్కటే ఉంటే, వంపు దగ్గర అది రాయి. దాన్ని దాటబోయి పక్కగోడలో కొత్త రంధ్రం చేసే ప్రమాదమే ఎక్కువ. కాబట్టి ఈ సీలర్ వాడేవాళ్లకు కోన్ పూర్తి పొడవు చేరడం ఎపాక్సీ వాడేవాళ్లకన్నా ముఖ్యం.

నింపాక కోన్‌ను కెనాల్ మూతి దగ్గర కోసి, పంటి లోపలి గది గోడలకు అంటిన సీలర్‌ను ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. ముందు పళ్లలో చిగురు గీత కన్నా 1, 2 మిల్లీమీటర్లు లోపలికే పూడికను దించాలి, లేకుంటే మెడ దగ్గర నల్లని నీడ తేలుతుంది. ఆ తరువాత పైమూత. బయటికి తెరిచి పెట్టిన పూడికలపై చేసిన 1990 నాటి ప్రయోగంలో ఒక రకం బ్యాక్టీరియా 19 రోజుల్లో, మరో రకం 42 రోజుల్లో సగానికి పైగా కెనాల్స్‌ను చివరిదాకా దాటేశాయి. తాత్కాలిక సిమెంట్ కనీసం 3.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి, శాశ్వత ఫిల్లింగ్‌ను నెలలకు వాయిదా వేయకూడదు.

కేస్ షీట్‌లో ఇంకో పంక్తి రాసే అలవాటు చాలామందికి లేదు: వాడిన సీలర్ పేరు, కోన్ సైజు, అది ఆగిన పొడవు. ఎక్స్‌రేలో ఎపాక్సీ, కాల్షియం సిలికేట్, జింక్ ఆక్సైడ్ అన్నీ ఒకే తెలుపు. పదేళ్ల తరువాత ఆ పంటిని మళ్లీ తెరిచేవాళ్లు ద్రావకం సీసా తీయాలో, అల్ట్రాసోనిక్ మొన బిగించాలో ఆ పంక్తి చూసే నిర్ణయించుకుంటారు.